ఇనుము తగలని రాళ్లు: ప్రాచీన ఇశ్రాయేలీయుల బలిపీఠం

బలిపీఠం అనగానే తెలుగువారికి రెండు బొమ్మలు కళ్లముందుకు వస్తాయి. ఒకటి గుడిలో ధ్వజస్తంభం దగ్గర ఉండే చిన్న రాతి పీఠం. అక్కడ అన్నపు ముద్ద పెడతారు, నెత్తురుతో దానికి పని లేదు. రెండోది పత్రికల భాషలోనిది. ఎవరినైనా ‘బలిపీఠం ఎక్కించారు’ అంటే వాళ్ల పని అయిపోయిందని అర్థం. బైబిలును తెలుగులోకి తెచ్చినవారు హీబ్రూలోని ‘మిజ్బేయహ్’ అనే మాటకు ఇదే పదాన్ని వాడారు. ఆ మాట కూడా ‘వధించు’ అనే ధాతువు నుంచి పుట్టినదే కాబట్టి అనువాదంలో తప్పు లేదు. అయితే యెరూషలేములో వందల ఏళ్లు సాగిన ఆచారాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారిని ఈ మాట రెండు భాషల్లోనూ కొంత పక్కదారి పట్టిస్తుంది. ఎందుకంటే ఆ పీఠం మీద పశువును చంపేవారు కారు. బైబిలులోని లేవీయకాండం మొదటి అధ్యాయం ప్రకారం గొర్రెనైనా మేకనైనా పీఠానికి ఉత్తరపు పక్కన, నేల మీద వధించాలి. అక్కడ కత్తి పట్టేది కూడా మామూలుగా బలి తెచ్చిన మనిషే. రక్తాన్ని తీసుకుపోయి పీఠం చుట్టూ చల్లడంతోనే యాజకుడి పని మొదలవుతుంది. పీఠం మీదికి చేరేవి కొవ్వు, కోసి కడిగిన మాంసఖండాలు, పిండి, నూనె, ఉప్పు. ప్రాణం పోయే చోటు నేల అయితే, పోయిన ప్రాణం ఎవరికి చెందుతుందో తేలే చోటు పీఠం. మనిషి సొత్తు దేవుడి సొత్తుగా చేతులు మారే ఆ గట్టు లేకపోతే ఎంత పెద్ద దేవాలయమైనా వట్టి కట్టడమే. దేవాలయం లేకపోయినా పీఠం ఒక్కటి ఉంటే ఆరాధన సాగిపోయిన సందర్భాలు మాత్రం ఇశ్రాయేలు చరిత్రలో చాలా ఉన్నాయి.

ధర్మశాస్త్రంలో, అంటే బైబిలులోని మొదటి ఐదు గ్రంథాల్లో, పీఠం నిర్మాణం గురించి వచ్చే మొదటి ఆజ్ఞ అసలు దేవాలయం ఊసే ఎత్తదు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో పది ఆజ్ఞలు ముగిసిన కొద్దిసేపటికే ఆ మాట వస్తుంది: పీఠం మట్టితో కట్టాలి, రాతితో కట్టేటట్లయితే చెక్కిన రాళ్లు పనికిరావు, పనిముట్టు తగిలితే అది అపవిత్రమవుతుంది, మెట్లు పెట్టకూడదు, ఎక్కేవాడి మానం దాని మీద బయటపడకూడదు. ఈ చివరి నియమం ఒంటికి ఒకే గుడ్డ చుట్టుకుని తిరిగే మనుషుల కాలాన్ని గుర్తు చేస్తుంది. యాజకులు లోపల నార లాగులు తొడుక్కోవాలని అదే గ్రంథం 28వ అధ్యాయంలో చెబుతుంది. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలోని పీఠానికైతే తూర్పున మెట్లే ఉంటాయి. దేవుడు తన నామాన్ని జ్ఞాపకం చేయించే ప్రతి చోటా ఇలాంటి పీఠం ఉండవచ్చని కూడా ఆ ఆజ్ఞ భావం. ఒకే దేశం, ఒకే ఊరు, ఒకే పీఠం అనే తరవాతి కాలపు కట్టుబాటు ఇంకా దాని దరిదాపుల్లో లేదు.

పనిముట్టు ఎందుకు తగలకూడదు? నిర్గమకాండం వాడిన హీబ్రూ మాట ‘హెరెబ్’, అంటే కత్తి. ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం దాన్ని ఇనుము అని తేటపరిచింది. మనిషి చెయ్యి పడని రాయి దేవుడు చేసిన రూపంలోనే ఉంటుందనేది ఒక వివరణ; చెక్కిన రాయి విగ్రహానికి దారి తీస్తుందనేది మరొకటి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మసంపుటి ఇచ్చే కారణం వీటన్నిటికన్నా సూటిగా ఉంటుంది: ఇనుము మనిషి ఆయువును తగ్గించడానికి పుట్టింది, పీఠం ఆయువును పెంచడానికి ఏర్పడింది, తగ్గించేదాన్ని పెంచేదాని మీద ఎత్తకూడదు. మూల ఆజ్ఞ ఇచ్చినవారి మనసులో ఇదే ఉందని రుజువు చేయలేం గానీ, రోజూ కత్తులతో పని జరిగే చోట ఈ ఆలోచన పుట్టడం గమనించదగినదే.

నిర్గమకాండంలోనే ఏడు అధ్యాయాలు దాటితే ఇంకో రకం పీఠం కనపడుతుంది. అది ఎడారి ప్రయాణంలో, వెంట మోసుకుపోయే ఆరాధనస్థలమైన ప్రత్యక్షపు గుడారం ముందు నిలిపేది. 5 మూరల పొడవు, 5 మూరల వెడల్పు, 3 మూరల ఎత్తు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, మన బజారులో పూలదండ కొలిచే మూరే, దాదాపు 45 సెంటీమీటర్లు. పలకలతో గుల్లగా చేసిన తుమ్మకఱ్ఱ పెట్టె, దాని మీద ఇత్తడి రేకు, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు, కింద ఇత్తడి జల్లెడ, మోయడానికి ఉంగరాలు, మోతకర్రలు. ఇత్తడి అని తెలుగు బైబిలు అన్నా అది రాగి, తగరం కలిసిన కంచు. కొయ్య మీద రేకు తాపడం చేసిన పెట్టెలో ఎద్దును కాల్చే మంట పెడితే కొయ్య ఎన్నాళ్లు నిలుస్తుందనే సందేహం ఎవరికైనా వస్తుంది. మజిలీ చేసిన చోటల్లా ఆ గుల్లను మట్టితో, రాళ్లతో నింపి పైన నిప్పు పెట్టేవారని పాత వ్యాఖ్యాతలు సమాధానం చెప్పారు. ఆ లెక్కన ఇత్తడి పెట్టె ఒక చట్రం మాత్రమే. అసలు పీఠం మళ్లీ మట్టే. రెండు ఆజ్ఞలను అతికించడానికి ఇది చక్కని ఉపాయమే గానీ, ఈ రెండు వర్ణనలూ వేరువేరు కాలాల, వేరువేరు వర్గాల జ్ఞాపకాలని ఒప్పుకోవడమే ఎక్కువ సబబు.

పీఠం చుట్టూ రోజువారీ పని బూడిదతో మొదలయ్యేది. లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం దహనబలి రాత్రంతా పీఠం మీదే కాలుతుంది. తెల్లవారాక యాజకుడు నారబట్టలు కట్టుకుని బూడిద ఎత్తి పీఠం పక్కన పోస్తాడు, తరవాత ఆ బట్టలు విడిచి వేరేవి కట్టుకుని దాన్ని పాళెం వెలుపలికి మోసుకుపోతాడు. నిప్పు మాత్రం ఆరకూడదు. పొద్దున ఒక ఏడాది గొర్రెపిల్ల, సాయంత్రం ఒకటి, ఒక్కోదానితో పాటు నూనె కలిపిన గోధుమపిండి, పానార్పణగా ద్రాక్షారసం. పండుగ ఉన్నా లేకపోయినా ఇది తప్పదు. బబులోను చెర తరవాత కట్టిన రెండో దేవాలయం నాటికి ఈ బూడిద ఎత్తే పనికి ఎంత పోటీ ఉండేదో మిష్నాలోని ఒక సంగతి చెబుతుంది. కావాలనుకున్న యాజకులు పీఠానికి ఎక్కే వాలుదారి మీద పరుగెత్తేవారు; పైనున్న 4 మూరల హద్దులోకి ముందుగా ఎవరు చేరితే పని వారిది. ఒకసారి ఇద్దరు సమానంగా పరుగెత్తుతుండగా ఒకడు పక్కవాణ్ణి తోశాడు, అతడి కాలు విరిగింది. ఆ తరవాత న్యాయసభ పరుగు పందెం మానిపించి చీట్ల పద్ధతి పెట్టింది. పవిత్రమైన చాకిరీ కోసం కాళ్లు విరగ్గొట్టుకునే మనుషులు ఏ దేశపు గుడిలోనైనా ఉంటారు. దాన్ని దాచకుండా ధర్మగ్రంథంలోకి ఎక్కించడం మాత్రం అరుదు. అదే మిష్నాలో కట్టెల గురించీ ఒక నియమం ఉంది. అన్ని చెట్ల కట్టెలూ పీఠానికి పనికివస్తాయి, ద్రాక్ష, ఒలీవ తప్ప. ద్రాక్షారసానికీ నూనెకూ ఆధారమైన చెట్లను పొయ్యిలో పెట్టకూడదన్న మాట.

తెచ్చిన పశువు అంతా కాలి బూడిదయ్యేదని చాలామంది అనుకుంటారు. అది దహనబలి ఒక్కదాని సంగతి. అందులో కూడా తోలు యాజకుడికి పోతుంది. జనం ఎక్కువగా ఇష్టపడి తెచ్చిన సమాధానబలిలో పీఠానికి దక్కేది కొవ్వు, మూత్రపిండాలు, కాలేయం మీది భాగం, గొర్రె అయితే దాని తోక. ఆ ప్రాంతపు గొర్రెల తోక మన గొర్రెల తోకలా ఉండదు. వెడల్పుగా, కొవ్వు ముద్దలా, కొన్ని కిలోలు తూగుతుంది. వంటకు నూనె బదులు వాడుకునే ఆ కొవ్వే ఇంటివారి దృష్టిలో పశువు మొత్తంలో విలువైన వాటా. బోర, కుడి జబ్బ యాజకులకు వెళ్లాక మిగిలినదంతా తెచ్చినవాడి కుటుంబమే వండుకుని తింటుంది. అయితే దానికీ గడువు ఉంది: కృతజ్ఞత కోసం అర్పించినదైతే అదే రోజు, మొక్కుబడిదైతే రెండో రోజు లోపల తినేయాలి, మూడో రోజుకు మిగిలితే కాల్చేయాలి. ఉప్పు పెట్టి ఎండబెట్టి దాచుకునే వీలు లేదు కాబట్టి ఒక కుటుంబం ఒక పశువును కోస్తే చుట్టుపక్కలవారిని, బంధువులను, పేదవారిని పిలవక తప్పేది కాదు. ఈ వాటాల వరస తప్పితే ఎంత కోపం వచ్చేదో మొదటి సమూయేలు గ్రంథం చూపిస్తుంది. షిలోహులో యాజకుడు ఏలీ కొడుకుల పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకుని వచ్చేవాడు. ఉడుకుతున్న కుండలో దాన్ని గుచ్చి పైకి వచ్చినదంతా పట్టుకుపోయేవాడు. అంతటితో ఆగక, కొవ్వు పీఠం మీద కాలకముందే పచ్చి మాంసం ఇమ్మని నిలదీసేవాడు. ముందు కొవ్వు దహించనివ్వమని జనం బతిమాలితే బలవంతంగానైనా తీసుకుంటానని బెదిరించేవాడు. దేవుడి వాటా కన్నా ముందు యాజకుడి వాటా కదలడమే గ్రంథకర్త లెక్కలో ఆ వంశం కూలిపోవడానికి చాలినంత పాపం.

కొవ్వు కాలితే లేచే పొగను లేవీయకాండం యెహోవాకు ‘ఇంపైన సువాసన’ అంటుంది, అర్పణను ఆయన ‘ఆహారం’ అంటుంది. మలాకీ పీఠాన్ని ఆయన ‘బల్ల’ అని పిలుస్తాడు. పక్కనున్న బబులోను వంటి దేశాల్లో దేవతలకు రోజూ భోజనం వడ్డించే ఆచారం నుంచి వచ్చిన మాటలివి. అయితే ఇశ్రాయేలీయుల్లోనే కొందరికి ఈ మాటలు ఇబ్బందిగా అనిపించాయి. 50వ కీర్తనలో దేవుడు తనకు ఆకలి వేస్తే మనుషులతో చెప్పనని, లోకమంతా తనదేనని ఎత్తిపొడుస్తాడు. ఆచారపు మాట పాతది, దాని మీది ఆలోచన కొత్తది. రెండూ ఒకే గ్రంథంలో పక్కపక్కన మిగిలిపోయాయి.

పీఠానికి ఉన్న కొమ్ముల సంగతి వేరే చెప్పుకోవాలి. నాలుగు మూలలా పైకి లేచిన ఈ మొనలు ఎందుకు ఉన్నాయో ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పదు. ఎద్దు కొమ్ములకు గుర్తు అనీ, పశువును కట్టడానికి అనీ రకరకాల ఊహలు ఉన్నాయి. వాటి వాడుక మాత్రం స్పష్టంగానే ఉంది. పాపపరిహారార్థబలిలో యాజకుడు రక్తంలో వేలు ముంచి ఈ కొమ్ములకు పూస్తాడు. మిగిలిన రక్తం అడుగున పోస్తాడు. ఎవరి పాపమైతే ఎక్కడ పూయాలనే వివరం లేవీయకాండం 4వ అధ్యాయంలో ఉంది. సామాన్యుడిది, అధికారిది అయితే ఆవరణలోని పీఠానికి. ప్రధాన యాజకుడిది, సమాజమంతటిది అయితే లోపలి గదిలోని బంగారు ధూపవేదిక కొమ్ములకు. రక్తాన్ని పాపం చేసిన మనిషికి ఎక్కడా పూయరు. ఈ చిన్న సంగతిని పట్టుకునే 20వ శతాబ్దపు లేవీయకాండ పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ ఒక పెద్ద వాదం కట్టారు: శుద్ధి అయ్యేది మనిషి కాదు, పీఠమే. దేశంలో జరిగే తప్పులు మురికిలా వచ్చి పీఠానికి అంటుకుంటాయి, తప్పు ఎంత పెద్దదైతే మురికి అంత లోపలి గది దాకా పోతుంది, రక్తం ఆ మురికిని కడిగే ద్రవ్యం. ఏడాదికి ఒకసారి ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు గర్భగుడి దాకా వెళ్లి వచ్చి ఈ కొమ్ములకు మళ్లీ రక్తం పూయడం ఆ ఏటి మురికిని వదిలించడానికే. ఈ వాదంలో ప్రతి అంశాన్నీ అందరూ ఒప్పుకోలేదు. కానీ యూదా ప్రజల పాపం వాళ్ల పీఠాల కొమ్ముల మీద చెక్కి ఉందని యిర్మీయా అన్న మాట ఈ వెలుగులో చదివితే ఒళ్లు జలదరిస్తుంది: కడగవలసిన చోటే కడగలేని గాటు పడిందని ఆయన ఆరోపణ.

అవే కొమ్ములు ప్రాణభయంతో వచ్చినవాడికి ఆసరా కూడా. దావీదు ముసలితనంలో సింహాసనం కోసం ఎత్తు వేసి ఓడిన అదోనియా పరుగున వచ్చి వాటిని పట్టుకున్నాడు. సొలొమోను అప్పటికి వదిలేశాడు. సేనాధిపతి యోవాబు కూడా అదే చేశాడు, బయటికి రమ్మంటే ఇక్కడే చస్తానన్నాడు. అతణ్ణి అక్కడే చంపించారు. కావాలని హత్య చేసినవాడిని నా పీఠం దగ్గర నుంచైనా లాక్కుపోవచ్చని నిర్గమకాండం 21వ అధ్యాయం ఇచ్చిన మినహాయింపు రాజుకు పనికివచ్చింది. బేతేలు పీఠపు కొమ్ములు విరిగి నేలపాలవుతాయని ఆమోసు హెచ్చరించినప్పుడు, పట్టుకోవడానికి ఇక ఏమీ మిగలదని విన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

యెరూషలేములో కూడా పీఠమే ముందు. రెండో సమూయేలు గ్రంథం చివర, తెగులు ఆగడం కోసం దావీదు యెబూసీయుడైన అరౌనా కళ్లం కొంటాడు. ఊరకే తీసుకోమని అరౌనా అంటాడు. కళ్లం, ఎద్దులు, కట్టెలకు నూర్పిడి సామాను, అన్నీ ఇస్తానంటాడు. ఖర్చు లేని దహనబలి అర్పించనని దావీదు 50 తులాల వెండి తూచి ఇస్తాడు. ధాన్యం నూర్చిన గట్టి నేల మీద లేచిన ఆ పీఠం చుట్టూనే తరవాతి తరంలో దేవాలయం వచ్చిందని సంప్రదాయం. సొలొమోను పెట్టించిన ఇత్తడి పీఠం 20 మూరల చదరం, 10 మూరల ఎత్తు అని రెండో దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. అంటే 9 మీటర్ల చదరం. విచిత్రంగా, స్తంభాలనూ గంగాళాలనూ అంగుళం వదలకుండా వర్ణించిన మొదటి రాజుల గ్రంథం ఈ పీఠం తయారీ గురించి ఒక్క వాక్యం రాయదు; ప్రతిష్ఠ రోజున అది చాలకపోయిందని మాత్రం అంటుంది.

క్రీ.పూ. 732 ప్రాంతంలో ఆ ఇత్తడి పీఠానికి పదవీవిరమణ జరిగింది. అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు దమస్కును పట్టుకున్నాక, అతనికి లోబడిన యూదా రాజు ఆహాజు దర్శనానికి అక్కడికి వెళ్లాడు. అక్కడ ఒక పీఠం అతనికి నచ్చింది. దాని మచ్చు, కొలతలు యాజకుడు ఊరియాకు పంపాడు. రాజు తిరిగి వచ్చేసరికి ఊరియా కొత్త పీఠం కట్టేసి ఉంచాడు. ఆహాజు తానే దాని మీదికి ఎక్కి బలులు అర్పించి, పాత ఇత్తడి పీఠాన్ని ఉత్తరం వైపు జరిపించి, ఇకపై రోజువారీ బలులన్నీ కొత్తదాని మీదే జరగాలని ఆజ్ఞాపించాడు. అష్షూరువారు సామంతుల మీద తమ పూజావిధానాన్ని బలవంతంగా రుద్దేవారనడానికి గట్టి ఆధారాలు లేవు. కాబట్టి దీన్ని బానిసత్వపు గుర్తు అనడం కన్నా పెద్ద ఊరి పోకడను చూసి చిన్న ఊరి రాజు తెచ్చుకున్న కొత్త మోజు అనడం న్యాయం. యాజకుడు ఎదురు చెప్పినట్లు ఎక్కడా లేదు. దేవాలయ ఆవరణలో కేంద్రస్థానం ఎవరి చేతిలో ఉండేదో ఈ ఒక్క ఉదంతం చాలినంతగా చెబుతుంది.

ఇక తవ్వకాల్లో బయటపడినవి. యెరూషలేము పీఠం ఆనవాళ్లు దొరకలేదు. దేవాలయం నిలిచిన గుట్ట మీద తవ్వే వీలు లేదు. దక్షిణాన నెగెవులోని అరాదు కోటలో మాత్రం యోహనాన్ అహరోని 1960ల్లో ఒక యూదా ఆలయాన్నే వెలికితీశారు. దాని ఆవరణలోని పీఠం చెక్కని రాళ్లు, మట్టితో కట్టినది. చదరం దాదాపు 5 మూరలు, పైన చెకుముకి రాతి పలక. నిర్గమకాండంలోని రెండు ఆజ్ఞల్లో ఒకదాని పదార్థం, ఇంకోదాని కొలత. లోపలి గర్భగుడి మెట్ల దగ్గర రెండు చిన్న సున్నపురాతి ధూపపీఠాలు పడుకోబెట్టి ఉన్నాయి, వాటి మీద ఎండిన మడ్డి అలాగే ఉంది. 2020లో ప్రచురించిన రసాయన పరీక్షల్లో పెద్దదాని మీద పశువుల కొవ్వుతో కలిపిన సాంబ్రాణి, చిన్నదాని మీద పేడతో కలిపిన గంజాయి బయటపడ్డాయి. పేడ కలిపితే గంజాయి సన్నని సెగ మీద నిదానంగా కాలుతుంది. క్రీ.పూ. 8వ శతాబ్దపు యాజకుడు ఏ వాసన మధ్య నిలబడ్డాడో ఇంత దగ్గరగా చూపిన సాక్ష్యం మరొకటి లేదు, ధూపద్రవ్యాలను పేరుపేరునా చెప్పిన నిర్గమకాండంలో గంజాయి కనపడకపోయినా సరే.

బెయేర్షెబాలో కథ వేరు. అక్కడ 1973లో ఒక గిడ్డంగి గోడలో, మామూలు రాళ్ల మధ్య, నునుపుగా చెక్కిన రాళ్లు కనపడ్డాయి. వాటిలో నాలుగింటికి కొమ్ములు ఉన్నాయి, ఒకటి విరిగింది. ఒక రాయి మీద పాము బొమ్మ చెక్కి ఉంది. కలిపి నిలబెడితే దాదాపు 1.6 మీటర్ల ఎత్తు గల కొమ్ముల పీఠం అయింది. ఇప్పుడది మ్యూజియంలో ఉంది. చెక్కిన రాయి వద్దన్న ఆజ్ఞ దీన్ని కట్టినవారికి తెలియదో, తెలిసీ లెక్కచేయలేదో. ఉత్తరాన దానులో అవ్రాహం బిరాన్ తవ్వకాల్లో కూడా పెద్ద రాతి కొమ్ము, బూడిద ఎత్తే ఇనుప పారలు దొరికాయి. యెరూషలేముకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని మోట్సాలో, రహదారి పనుల కోసం 2012లో జరిపిన తవ్వకాల్లో పీఠంతో సహా ఇంకో ఆలయం బయటపడింది. రాజుల కాలమంతా బలి యెరూషలేములోనే జరిగిందన్న చిత్రం ఈ రాళ్ల ముందు నిలవదు.

బెయేర్షెబా పీఠాన్ని ఎవరు విప్పి గోడలో పెట్టారు? అది హిజ్కియా రాజు సంస్కరణ ఫలితమని అహరోని అన్నారు. కాలనిర్ణయం మీదా, అసలు ఆ సంస్కరణ ఎంత మేరకు జరిగిందన్నదాని మీదా ఇతరులు వాదించారు. రెండో రాజుల గ్రంథంలో మాత్రం యెరూషలేమును ముట్టడించిన అష్షూరు అధికారి గోడ కింద నిలబడి, మీ దేవుడి ఉన్నతస్థలాలనూ (ఊళ్లలోని ఎత్తయిన పూజాస్థలాలు) పీఠాలనూ పడగొట్టి యెరూషలేములోని ఈ ఒక్క పీఠం ముందే మొక్కమన్నది మీ హిజ్కియాయే కదా అని ఎగతాళి చేస్తాడు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా దీన్ని ఇంకా గట్టిగా అమలు చేశాడు. గెబా నుంచి బెయేర్షెబా దాకా ఉన్నతస్థలాలను అపవిత్రపరిచి, బేతేలు పీఠం మీద సమాధుల్లోని ఎముకలు తెచ్చి కాల్పించాడు. శవస్పర్శ తగిలిన పీఠం మళ్లీ పనికిరాదని అతనికి బాగా తెలుసు.

ఈ ఒకే పీఠం నియమం వంటింటి దాకా వచ్చింది, ఇది అంతగా చర్చకు రాని సంగతి. పాత ఆచారంలో మాంసం తినడమంటేనే బలి. ఫిలిష్తీయులతో పోరు ముగిసిన సాయంత్రం ఆకలిగొన్న సైనికులు పశువులను నేల మీదే కోసి రక్తంతో తింటుంటే, సౌలు ఒక పెద్ద రాయి దొర్లించుకు రమ్మని, అందరూ తమ ఎద్దును దాని మీద కోయాలని చెప్పాడు. పొలంలోని బండ ఆ రాత్రికి పీఠమైంది. ఊరికో పీఠం ఉన్నంతకాలం ఇది కష్టం కాదు. పీఠం ఒక్క యెరూషలేములోనే ఉండాలంటే నాలుగు రోజుల నడక దూరంలో ఉన్న రైతు ఇంట్లో పెళ్లికి మాంసం వండేది ఎలా? ద్వితీయోపదేశకాండం 12వ అధ్యాయం దీనికి జవాబు ఇచ్చింది: జింకను, దుప్పిని తిన్నట్లే మీ ఊళ్లలో పశువును కోసుకుని తినవచ్చు, శుద్ధుడైనా అశుద్ధుడైనా తినవచ్చు, రక్తాన్ని మాత్రం నీళ్లలా నేల మీద పారబోయాలి. లేవీయకాండం 17వ అధ్యాయం దీనికి ఎదురుగా, గుడారం దగ్గరికి తేకుండా పశువును కోస్తే అది రక్తం చిందించిన నేరమే అంటుంది. ఎదురుబొదురుగా నిలిచిన ఈ రెండు చట్టాల్లో గెలిచింది మొదటిదే. పీఠం గొప్పదనాన్ని పెంచడానికి చేసిన చట్టం రోజువారీ భోజనాన్ని పీఠం నుంచి విడదీసింది.

క్రీ.పూ. 586లో బబులోనువారు దేవాలయాన్ని కాల్చివేశారు. ఆ తరవాత కొద్ది కాలానికే షెకెము, షిలోహు, షోమ్రోను ఊళ్ల నుంచి 80 మంది గడ్డాలు గీసుకుని, బట్టలు చించుకుని నైవేద్యం, ధూపం పట్టుకుని యెహోవా మందిరానికని బయలుదేరారని యిర్మీయా 41వ అధ్యాయంలో ఉంది. మందిరం లేదు, అయినా అర్పించడానికి అక్కడ ఏదో ఒక చోటు ఉందన్నట్లే వాళ్లు నడిచారు. బబులోనువారు చెరపట్టుకుపోయినవారు పారసీక రాజుల అనుమతితో తిరిగి వచ్చాక కూడా వరస ఇదే. యేషూవ, జెరుబ్బాబెలు ముందు పీఠాన్ని దాని పాత చోట నిలబెట్టి ఉదయ సాయంకాల బలులు మొదలుపెట్టారు, అప్పటికి మందిరం పునాది ఇంకా వేయలేదని ఎజ్రా గ్రంథం ప్రత్యేకంగా రాసింది. దేవాలయం పూర్తి కావడానికి క్రీ.పూ. 516 దాకా పట్టింది.

ఈజిప్టులో నైలు మధ్యనున్న ఎలిఫెంటైను ద్వీపంలో యూదు సైనికుల కాలనీకి సొంత ఆలయం ఉండేది. క్రీ.పూ. 410లో పక్కనున్న ఖ్నూము దేవుడి పూజారుల ప్రోద్బలంతో దాన్ని నేలమట్టం చేశారు. మళ్లీ కట్టుకోనివ్వమని, నైవేద్యం, ధూపం, దహనబలి అర్పిస్తామని అక్కడివారు 407లో యూదయ అధిపతికి అరామిక్ భాషలో రాసిన ఉత్తరం పాపిరసు మీద మనకు దక్కింది. వచ్చిన జవాబు కూడా దక్కింది. అందులో నైవేద్యానికి, ధూపానికి అనుమతి ఉంది. దహనబలి మాటే లేదు. పొట్టేలు తల గల ఖ్నూము పూజారులను మళ్లీ రెచ్చగొట్టకూడదనో, రక్తబలి యెరూషలేముకే చెందాలనో ఆ మాట వదిలారు. గొర్రెను, ఎద్దును, మేకను దహించబోమని కాలనీ పెద్దలు ఒప్పుకున్న కాగితం కూడా ఉంది. పీఠం ఉంటుంది, పొగ ఉంటుంది, నెత్తురు ఉండదు. రాజీ అంటే ఇలాగే ఉంటుంది.

క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంతియొకసు యెరూషలేము పీఠం మీద అన్యపూజ జరిపించాడు. మూడేళ్ల తరవాత యూదా మక్కబీయుడు ఆవరణను తిరిగి పట్టుకున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది: ఈ రాళ్లు పవిత్రమైనవి కాబట్టి పారేయకూడదు, అపవిత్రమైనవి కాబట్టి వాడకూడదు. వాటిని విప్పి, ఏం చేయాలో చెప్పగల ప్రవక్త వచ్చేదాకా అని గుట్ట మీద ఒక పక్కన భద్రపరిచారు. ధర్మశాస్త్రం చెప్పినట్లు చెక్కని రాళ్లతో కొత్త పీఠం కట్టారు. హనుక్కా పండుగ ఆ పునఃప్రతిష్ఠకు గుర్తు. ప్రవక్త రాలేదు.

హేరోదు కాలపు పీఠం గురించి ఇద్దరు సాక్షులు ఉన్నారు, కొలతల్లో ఇద్దరికీ పడదు. చరిత్రకారుడు జోసీఫసు 50 మూరల చదరం అంటాడు, మిష్నా అడుగున 32 మూరలు అంటుంది. ఇనుము తాకలేదనీ, దక్షిణం నుంచి మెట్లు లేని వాలుదారి ఉందనీ ఇద్దరూ ఒప్పుకుంటారు. బేత్ కెరెము లోయలో ఎవరూ తవ్వని నేలను పెకలించి రాళ్లు తెచ్చేవారని, పస్కాకు ఒకసారి, పర్ణశాలల పండుగకు ఒకసారి సున్నం కొట్టేవారని మిష్నా చెబుతుంది. నడుమున చుట్టూ ఒక ఎర్ర గీత ఉండేది; కొన్ని బలుల రక్తం గీతకు పైన, కొన్నిటిది కింద. నైరుతి మూలలో రెండు సన్నని రంధ్రాల గుండా రక్తం దిగి, కాలువలో కలిసి కిద్రోను లోయకు పారేది. అక్కడ తోటమాలులు దాన్ని ఎరువుగా కొనుక్కునేవారు. డబ్బు కట్టకుండా వాడుకుంటే దేవుడి సొత్తు దొంగిలించినట్లే. పైన ప్రాయశ్చిత్తం, కింద కూరమడికి ఎరువు, మధ్యలో లెక్క చూసుకునే గుమాస్తా.

క్రీ.శ. 70లో రోమనులు దేవాలయాన్ని కూల్చాక ఆ నిప్పు మళ్లీ వెలగలేదు. గెరిజీము కొండ మీద, ఇశ్రాయేలు సంతతిగా చెప్పుకునే సమరయులు మాత్రం పస్కా గొర్రెలను ఈ రోజుకూ కోస్తున్నారు, కాల్చేది నేలలో తవ్విన గుంటల్లో. యూదులు బలి వేళలకు ప్రార్థన వేళలను జతపరిచారు. పీఠం ఉన్నప్పుడు అది మనిషికి ప్రాయశ్చిత్తం చేసేది, ఇప్పుడు అతని భోజనపు బల్ల చేస్తుందని యూదు పండితుల చర్చల సంపుటమైన తాల్ముదులో ఒక మాట ఉంది. బలి దేనికైనా ఉప్పు కలపాలన్న లేవీయకాండపు నియమం ప్రకారం విశ్రాంతిదినపు రొట్టెను ఉప్పులో అద్దుతారు. తిన్న తరవాత ఆశీర్వచనం చెప్పే ముందు, చాలా ఇళ్లలో, బల్ల మీది కత్తిని తీసేస్తారు, లేదా దాని మీద ఒక గుడ్డ కప్పుతారు.